ఏటికొప్పాక లక్క పూత

ఏటికొప్పాక లక్క పూత అనేది ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రం, అనకాపల్లి జిల్లా, ఎస్.రాయవరం మండలానికి చెందిన ఏటికొప్పాక గ్రామంలో చెక్క వస్తువులకు రంగు వేసే సంప్రదాయ పద్ధతి. ఈ పద్ధతిలో కుంచె గాని, రంగును చిమ్మే స్ప్రే యంత్రం గాని, రంగును పలుచన చేసే ద్రావకం గాని వాడరు. తరిమెనపై వేగంగా తిరుగుతున్న చెక్కకు, రంగు కలిపిన గట్టి లక్క కడ్డీని ఒత్తి పట్టుకుంటారు. రాపిడి వలన పుట్టిన వేడికి లక్క మెత్తబడి, చెక్కపై పలుచని పొరగా పరచుకొని, చల్లారగానే గట్టిపడుతుంది. కర్రను గుండ్రంగా తిప్పుతూ చెక్కడానికి ఉపయోగించే సాధనాన్ని తరిమెన అంటారు. నేటి వాడుకలో ఇది లేత్ మిషను.

ఈ పనిలో అధిక భాగం కళాకారుల ఇళ్ళలోనూ, ఇంటికి ఆనుకొని ఉన్న చిన్న పనిశాలలలోనూ జరుగుతుంది. ఇలా తయారైన వస్తువులు ఏటికొప్పాక బొమ్మలుగా ప్రసిద్ధి చెందాయి. ఇవి ఎక్కువగా పిల్లల చేతికి వెళ్ళేవి కనుక, పూతలో ఏ రంగు కలిపారన్నది ఈ వృత్తిలో అన్నింటికంటే ముఖ్యమైన ప్రశ్నగా నిలిచింది.

గ్రామం

ఏటికొప్పాక వరాహ నది ఒడ్డున ఉన్న గ్రామం. ఇది ఎలమంచిలి పట్టణానికి సమీపంలో, విశాఖపట్నం నుండి సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ఉంది. చెన్నై - కోల్‌కతా జాతీయ రహదారిపై గల అడ్డరోడ్డు కూడలి నుండి గ్రామానికి చేరుకోవచ్చు. ఈ రహదారి సంఖ్య పూర్వం 5 కాగా, తరువాత 16గా మారింది. ఎలమంచిలి, నర్సీపట్నం రోడ్డు స్టేషన్లు ఈ ప్రాంతానికి రైలు సౌకర్యం కల్పిస్తున్నాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడే వరకు ఈ గ్రామం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. అందువలన అంతకు ముందు వెలువడిన రచనలలో వీటిని విశాఖ జిల్లా బొమ్మలుగా పేర్కొనడం కనిపిస్తుంది.

చుట్టుపక్కల ప్రాంతం చెరకు సాగుకు పేరు పొందింది. దేశంలోని తొలి తరం సహకార చక్కెర కర్మాగారాలలో ఒకటి ఏటికొప్పాకలోనే ఏర్పడింది. అయితే రాష్ట్రం వెలుపల ఈ ఊరికి గుర్తింపు తెచ్చినది లక్క బొమ్మల పరిశ్రమే. సమీపంలోని నక్కపల్లి కూడా లక్క పనికి పేరు గల ఊరు.

వస్తువులు

తెలుగు ఇళ్ళలో ఆడపిల్లలు ఆడుకునే చిన్న చిన్న వంట సామానును లక్కపిడతలు అంటారు. కుండలు, మూకుళ్ళు, పొయ్యి, రోలు, రోకలి, తిరగలి మొదలైన వాటి నమూనాలు ఇందులో ఉంటాయి. తరువాతి కాలంలో ప్లాస్టిక్కుతోనూ, లోహంతోనూ చేసినవి వచ్చినా వాటికీ అదే పేరు నిలిచిపోయింది. ఈ ఆటవస్తువులకు లక్కతో గల పాత సంబంధం ఈ మాటలో భద్రంగా ఉంది.

లక్కపిడతలతో పాటు కుంకుమ భరిణలు, బొంగరాలు, గిలకలు, ఎడ్ల బండ్లు, దేవతా మూర్తులు, పెళ్ళి బొమ్మలు, సన్నాయి మేళం బొమ్మలు మొదలైనవి ఇక్కడ తయారవుతాయి. సంక్రాంతికి, దసరాకు ఇళ్ళలో పెట్టే బొమ్మల కొలువులో వీటికి స్థానం ఉంది. ఇటీవలి దశాబ్దాలలో గాజులు, చెవి దుద్దులు, పెన్నుల స్టాండ్లు, దీపపు సెమ్మెలు, గడియారాలు, చదరంగం పావులు వంటి నగర అవసరాలకు తగిన వస్తువులను కూడా చేస్తున్నారు.

ముడి పదార్థాలు

అంకుడు కర్ర

ఈ బొమ్మలకు అంకుడు కర్రను వాడతారు. అంకుడు చెట్టు శాస్త్రీయ నామం రైటియా టింక్టోరియా. పేరులోని మొదటి భాగం స్కాట్లండుకు చెందిన వైద్యుడు, వృక్ష శాస్త్రవేత్త విలియం రైట్ పేరు మీద వచ్చింది. రెండవ భాగానికి రంగు వేయడానికి పనికివచ్చేది అని అర్థం. ఈ చెట్టు ఆకుల నుండి పూర్వం ఒక విధమైన నీలి రంగును తీసేవారు. రంగు బొమ్మలకు కర్రనిచ్చే చెట్టు పేరులోనే రంగు ఉండటం విశేషం.

అంకుడు మధ్యస్థ ఎత్తు పెరిగే, ఆకు రాల్చే చెట్టు. కొమ్మను విరిస్తే తెల్లని పాలు కారతాయి. దీని కర్ర ఏనుగు దంతం రంగులో, తేలికగా, సన్నని పోగుతో ఉంటుంది. ఉలికి సులభంగా లొంగుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కర్ర లేత రంగులో ఉండటం వలన పలుచని లక్క పొర కింద కూడా రంగు మసకబారకుండా స్వచ్ఛంగా కనిపిస్తుంది. కర్ణాటకలోని చన్నపట్నలో కూడా లక్క బొమ్మలకు సంప్రదాయంగా ఇదే కర్రను వాడతారు. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి దీనికి భిన్నమైన జాతి.

కొట్టిన కర్రను వెంటనే వాడటానికి వీలు లేదు. బెరడు తీసి, నీడలో గాలి తగిలేలా పేర్చి, తడి పోయే వరకు ఆరబెట్టాలి. తడి మిగిలి ఉన్న కర్రతో చేసిన బొమ్మ తరువాత ఆరుతున్నకొద్దీ కుంచించుకుపోయి పగుళ్ళు ఇస్తుంది. భరిణల మూతలు బిగుసుకుపోవడం లేదా వదులు కావడం, లక్క పొర పెచ్చులుగా ఊడిపోవడం కూడా ఈ కారణం వలననే జరుగుతాయి. పూత ఎంతకాలం నిలుస్తుందో చాలా వరకు ఈ దశలోనే నిర్ణయమవుతుంది.

లక్క

లక్క ఒక జంతు సంబంధమైన రెసిను. లక్క పురుగులు మోదుగ, రేగు, కుసుమ వంటి చెట్ల లేత కొమ్మలపై గుంపులుగా చేరి, చెట్టు రసాన్ని పీల్చుకొని, తమ రక్షణ కోసం ఈ పదార్థాన్ని స్రవిస్తాయి. కొమ్మలపై పేరుకున్న లక్కను గీకి తీసి, నలగగొట్టి, నీటితో కడుగుతారు. ఈ కడిగిన నీటిలోకి ఎర్రని రంగు దిగుతుంది. మిగిలిన గింజ లక్కను కరిగించి, వడగట్టి, రేకులుగానో బిళ్ళలుగానో చేస్తారు. భారతదేశంలో జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రాలు లక్క ఉత్పత్తిలో ముందున్నాయి. లక్కపై పరిశోధన కోసం 1924లో రాంచీ సమీపంలోని నామ్‌కుంలో ఒక సంస్థను స్థాపించారు. ఇది కాలక్రమంలో పేర్లు మారి, నేడు భారత వ్యవసాయ పరిశోధనా మండలి కింద పనిచేస్తున్నది.

లక్కకు ఈ పనికి పనికివచ్చే లక్షణాలు మూడు ఉన్నాయి. మొదటిది, ఇది సుమారు 75 నుండి 80 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. రాపిడితోనే ఈ వేడిని పుట్టించవచ్చు. రెండవది, ఇది నీటిలో కరగదు. మూడవది, శుద్ధి చేసిన లక్క తినడానికి కూడా హానికరం కాదు. మాత్రలకు, మిఠాయిలకు మెరుపు పూతగా దీనిని ప్రపంచమంతటా వాడుతున్నారు. అయితే లక్క తేలికగా అంటుకొని మండుతుంది. మహాభారతంలో పాండవుల కోసం కట్టించిన లక్క ఇంటి కథకు ఆధారం ఈ గుణమే.

పూత వేసే విధానం

లక్క కడ్డీల తయారీ

లక్కను బొగ్గుల సెగపై నెమ్మదిగా వేడి చేసి ముద్దలా మెత్తబరుస్తారు. నేరుగా మంట తగిలితే లక్క మాడి నల్లబడుతుంది, మళ్ళీ కరిగే గుణాన్ని కోల్పోతుంది. మెత్తబడిన ముద్దలో రంగు పొడిని వేసి, సాగదీస్తూ, మడుస్తూ, మళ్ళీ సాగదీస్తూ రంగు అంతటా సమంగా కలిసే వరకు పిసుకుతారు. తరువాత దానిని కడ్డీలుగా చేసి చల్లారనిస్తారు. ఈ కడ్డీ చూడటానికి ఉత్తరాలకు ముద్ర వేసే లక్క బత్తీ వలె ఉంటుంది.

కర్రను చెక్కడం

ఆరిన కర్రను రంపంతో కావలసిన పొడవుకు కోసి తరిమెనకు బిగిస్తారు. పూర్వం తరిమెనకు తాడు చుట్టి ఒకరు దానిని ముందుకు వెనుకకు లాగుతుండగా, మరొకరు ఉలి పట్టి చెక్కేవారు. కర్ర ఒకసారి ఇటు, ఒకసారి అటు తిరిగేది కనుక, ఒక వైపు తిరిగినప్పుడు మాత్రమే ఉలి తెగేది. విద్యుత్తు మోటారు వచ్చిన తరువాత కర్ర ఒకే దిశలో ఆగకుండా తిరగసాగింది. దీనితో పని వేగం పెరిగి, ఒక మనిషితోనే సాగడం మొదలైంది.

మొదట పెద్ద ఉలితో కర్రను గుండ్రంగా చేసి, తరువాత సన్న ఉలులతో రూపం తీస్తారు. భరిణల వంటి వాటికి లోపల తొలుస్తారు. మూత సరిగ్గా అమరే కొలతను కళాకారుడు చేతితోనూ, కంటితోనూ అంచనా వేస్తాడు. చివరగా గరుకు కాగితంతో నున్నగా రుద్ది, దుమ్మును తుడుస్తారు. దుమ్ము మిగిలితే లక్క దానికే అంటుకుంటుంది గాని కర్రకు అంటదు.

లక్క పట్టించడం

కర్ర తిరుగుతుండగానే లక్క కడ్డీని దానికి ఆనించి ఒత్తుతారు. కడ్డీ కొస రాపిడికి వేడెక్కి, కరిగి, కర్రకు అంటుకుంటుంది. ఈ దశలో పూత గీతలు గీతలుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. తరువాత మొగలి ఆకును మడిచి, తిరుగుతున్న కర్రపై గట్టిగా అదిమి పట్టుకుంటారు. ఆకు రాపిడికి లక్క మళ్ళీ మెత్తబడి, అంతటా ఒకే మందంలో పరచుకొని, అద్దం వలె మెరుస్తుంది. ప్రత్యేకంగా వార్నిష్ వేయవలసిన అవసరం ఉండదు.

ఈ పనిలో నేర్పు అంతా ఒత్తిడి, వేగం, వ్యవధి ఈ మూడింటి సమతూకంలో ఉంది. ఒత్తిడి తక్కువైతే లక్క సమంగా కరగక ముద్దలు ముద్దలుగా పడుతుంది. ఎక్కువైతే మాడి రంగు మారుతుంది. ఆకు ఒకే చోట ఎక్కువసేపు నిలిస్తే అక్కడి పూత లేచిపోయి కర్ర బయటపడుతుంది. ఒక రంగు పక్కన మరొక రంగు వేసేటప్పుడు రెండూ కలిసిపోకుండా అంచును కడ్డీ మొనతోనే నిలపాలి. కుంచెతో గీసినట్లు కనిపించే సన్నని చుట్టు గీతలు ఈ విధంగానే వస్తాయి. పూత పూర్తయ్యాక వస్తువును తరిమెన నుండి కోసి వేరు చేస్తారు. అనేక భాగాలు గల బొమ్మలను విడివిడిగా చేసి, రంగు వేసి, ఆ తరువాత చీలలతోనూ, జిగురుతోనూ కలుపుతారు.

రంగులు

సహజమైన రంగులు

సహజ వర్ణాలను పసుపు కొమ్ములు, జాఫ్రా గింజలు, నీలి మొక్క, లక్క పురుగు నుండి వచ్చే ఎరుపు, మంజిష్ఠ వేరు, కాచు, కరక్కాయ మొదలైన వాటి నుండి తీస్తారు. పసుపు నుండి పసుపుపచ్చ, జాఫ్రా నుండి నారింజ, నీలి నుండి నీలం, కాచు నుండి గోధుమ రంగు వస్తాయి. నీలిని, పసుపును కలిపితే ఆకుపచ్చ వస్తుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలిసినప్పుడు నలుపు ఏర్పడుతుంది. కలంకారీ అద్దకంలో నలుపు వచ్చేది కూడా ఈ సూత్రం పైననే.

లక్క నీటిలో కరగదు కనుక, నీటిలో ఉడికించి తీసిన రంగును నేరుగా దానిలో కలపడానికి వీలు లేదు. రంగును గాఢపరచి, ఆరబెట్టి, మెత్తని పొడిగా చేయవలసి ఉంటుంది. పొడిలో తడి ఉంటే వేడి లక్కలో బుడగలు లేస్తాయి. పొడి ముతకగా ఉంటే పూతలో చుక్కలు కనిపిస్తాయి. రసాయన రంగు పొడి డబ్బాలో సిద్ధంగా దొరుకుతుండగా, సహజ వర్ణానికి ఇంత అదనపు శ్రమ ఉంది.

రసాయన రంగుల రాక, తిరిగి సహజ వర్ణాలు

ఇరవయ్యవ శతాబ్దంలో చవకైన రసాయన రంగులు మార్కెట్లోకి రావడంతో అనేక చేతివృత్తులలో వలె ఇక్కడా అవి ప్రవేశించాయి. అవి ముదురుగా కనిపిస్తాయి, కలపడం సులభం, ఒక కడ్డీకీ మరొక కడ్డీకీ ఛాయలో తేడా రాదు. క్రమంగా మొక్కల నుండి రంగు తీసే పరిజ్ఞానం మరుగున పడింది.

ఏటికొప్పాకకు చెందిన సి.వి.రాజు సహజ వర్ణాలను తిరిగి వాడుకలోకి తేవడానికి కృషి చేశారు. కళాకారులను సంఘటితం చేసి, మొక్కల నుండి రంగులు తీసి లక్కలో నిలిచేలా కలిపే పద్ధతులపై ప్రయోగాలు చేసి, ఆ పద్ధతులను గ్రామంలో వ్యాప్తి చేశారు. ఈ కృషికి గుర్తింపుగా భారత ప్రభుత్వం 2023లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది.

సీసం సమస్య

ఆటవస్తువుల పూతలో ఆందోళన కలిగించే పదార్థాలలో ప్రధానమైనది సీసం. పసుపు, నారింజ ఛాయల కోసం రంగుల పరిశ్రమ చాలాకాలం సీసపు క్రోమేటును వాడింది. బొమ్మను నోట్లో పెట్టుకోవడం పసిపిల్లల సహజ స్వభావం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం శరీరంలో సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదు. కడుపులోకి వెళ్ళిన సీసాన్ని చిన్నపిల్లల శరీరం పెద్దల కంటే 4 నుండి 5 రెట్లు ఎక్కువగా గ్రహించగలదు. దీని ప్రభావం ముఖ్యంగా మెదడు ఎదుగుదలపై పడుతుంది.

2007లో సీసం గల రంగు పూసిన బొమ్మలను అమెరికా మార్కెట్ నుండి పెద్ద ఎత్తున వెనక్కి తీసుకున్నారు. ఆ తరువాత 2008లో ఆ దేశం చేసిన చట్టం ప్రకారం, పిల్లల వస్తువుల పూతలో సీసం పరిమితిని 600 నుండి పది లక్షల వంతులలో 90 వంతులకు తగ్గించారు. భారతదేశంలో ఇళ్ళకు, అలంకరణకు వాడే రంగులలో సీసం పరిమితిపై 2016లో నియమాలు వెలువడ్డాయి. ఇవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. ఇందులోని పరిమితి కూడా 90 వంతులే.

బొమ్మలకు భారత ప్రమాణాల సంస్థ గుర్తును తప్పనిసరి చేసిన నాణ్యతా నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. ప్రయోగశాల పరీక్షల భారం ఇంటి పనిశాలలు మోయలేనిది కనుక, చేతివృత్తుల అభివృద్ధి కమిషనరు వద్ద నమోదైన కళాకారులు చేసిన బొమ్మలకు, భౌగోళిక సూచిక గల బొమ్మలకు ఈ ఉత్తర్వు నుండి మినహాయింపు ఇచ్చారు. ఈ మినహాయింపు లేకపోతే చిన్న కళాకారులు నిలదొక్కుకోవడం కష్టమయ్యేది. అయితే దీని వలన పూత శుభ్రతకు బాధ్యత పరీక్షా కేంద్రం మీద కాక పూర్తిగా కళాకారుని మీదనే నిలిచింది.

కుంచె, స్ప్రే పూతలతో పోలిక

లక్క పూతకు ఒక మౌలికమైన పరిమితి ఉంది. వస్తువు తరిమెనపై తిరగగలిగినదై ఉండాలి. అందువలన ఇంటి పనిశాలలో చేసే తలుపులు, కిటికీ రెక్కలు, అరల పెట్టెలు వంటి బల్లపరుపు వస్తువులకు ఈ పద్ధతి పనికిరాదు. వీటికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది లక్కనే స్పిరిటులో కరిగించి గుడ్డతో పొరలు పొరలుగా రుద్దడం. దీనిని ఫ్రెంచి పాలిష్ అంటారు. ఇంటి లోపలి సామానుకు ఇది చక్కగా నప్పుతుంది. ఎండ, వాన తగిలే కిటికీ రెక్కలకు పనికిరాదు. రెండవది కుంచెతో ఎనామిల్ వేయడం. ఇందులో ఖర్చు, రంగు వృథా తక్కువ. కాని వాలు పలకలు గల కిటికీ రెక్కలలో పలకల మూలలకు కుంచె సరిగా అందదు, అంచుల వద్ద రంగు కారి బొట్లు కడుతుంది.

మూడవది స్ప్రే పద్ధతి. కంప్రెసర్ నుండి వచ్చే గాలి రంగును సన్నని తుంపరగా మార్చి చిమ్ముతుంది. చెక్కను గరుకు కాగితంతో నున్నగా చేసి, పగుళ్ళకు లప్పం పెట్టి, ప్రైమర్ వేసి, ఆరిన తరువాత మళ్ళీ రుద్ది, అప్పుడు రంగు చిమ్మాలి. స్ప్రే గన్నును చెక్కకు 15 నుండి 20 సెంటీమీటర్ల దూరంలో, చెక్కకు సమాంతరంగా కదుపుతూ, ప్రతి వరుస ముందు వరుసలో సగభాగాన్ని కప్పేలా పట్టాలి. మందంగా ఒకసారి వేయడం కంటే పలుచగా రెండు మూడు సార్లు వేయడం మేలు. సాధారణ స్ప్రే గన్నుతో చిమ్మిన రంగులో సగానికి పైగా గాలిలో కలిసిపోవచ్చు. తక్కువ పీడనంతో ఎక్కువ గాలిని పంపే గన్నులలో సుమారు 65 శాతం చెక్కపైకి చేరుతుంది.

విశాఖ తీరంలో వర్షాకాలపు తేమ గాలి స్ప్రే పనికి ఆటంకం. త్వరగా ఆరే నైట్రోసెల్యులోజ్ లక్కరును తేమలో చిమ్మితే, ద్రావకం ఆవిరవుతూ పూతను చల్లబరచడం వలన గాలిలోని తేమ పొరపై చేరి పూత తెల్లగా పొగచూరినట్లు అవుతుంది. రాపిడి లక్కలో ద్రావకం లేదు కనుక ఈ చిక్కు ఉండదు. చల్లారగానే పూత సిద్ధం. ఆరబెట్టే చోటు, దుమ్ము పడకుండా మూసిన గది అవసరం లేదు. ఒక చిన్న అరుగు మీద, ఒక మోటారుతో ఈ వృత్తి తరతరాలుగా సాగడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇంటి పనిశాలలో జాగ్రత్తలు

పని చేసే చోటు, ఇల్లు ఒకటే అయినప్పుడు పూత నుండి వచ్చే హాని కుటుంబమంతటికీ చేరుతుంది. స్ప్రే పద్ధతిలో థిన్నరు ఆవిరి మంటలకు కారణం కావచ్చు. రెండు భాగాలుగా వచ్చే పాలీయురిథేన్ రంగులలోని ఐసోసయనేట్లు ఉబ్బసం కలిగిస్తాయి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడం వలన దుమ్ము కొంత ఆగవచ్చు గాని ఈ ఆవిరులు ఆగవు. ధారాళంగా గాలి ఆడే చోటు, తగిన ముసుగు అవసరం.

లక్క పనిలో ఈ ద్రావకాలు లేవు. అయితే ప్రమాదం అసలే లేదని కాదు. చెక్కను తిప్పి చెక్కేటప్పుడు, గరుకు కాగితంతో రుద్దేటప్పుడు లేచే సన్నని ధూళి ఊపిరితిత్తులకు హానికరం. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధనా సంస్థ చెక్క ధూళిని 1995లో కాన్సర్ కారకంగా వర్గీకరించింది. సెగపై లక్కను కరిగించేటప్పుడు నిప్పు అంటుకునే అవకాశం ఉంది. తిరిగే తరిమెనకు వదులైన బట్టలు, జుట్టు చిక్కుకోకుండా చూసుకోవాలి. సీసం గల రంగు పొడిని పిసికితే, కొనుగోలుదారుని బిడ్డ కంటే ముందుగా దాని ప్రభావం కళాకారునిపైనా, అతని ఇంట్లోని పిల్లలపైనా పడుతుంది. అందుచేత సహజ వర్ణాలకు మళ్ళడం కేవలం మార్కెట్ కోసం చేసిన మార్పు కాదు.

పరిమితులు, సంరక్షణ

లక్క పూత వేడికి మెత్తబడుతుంది. వేడి గిన్నెను ఆనిస్తే మచ్చ పడుతుంది. స్పిరిటు, శానిటైజర్ వంటివి తగిలితే కరుగుతుంది. సబ్బు, సోడా నీటితో కడిగితే మెరుపు పోతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడవడం మంచిది. సహజ వర్ణాలలో పసుపు ఎండకు త్వరగా వెలిసిపోతుంది. నీలి చాలాకాలం నిలుస్తుంది. అందువలన నీలి, పసుపు కలిపి చేసిన ఆకుపచ్చ, ఎండలో ఉంచితే కాలక్రమంలో నీలం వైపుకు మారుతుంది. బొమ్మలను నేరుగా ఎండ పడే చోట ఉంచకూడదు.

గుర్తింపు

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక సూచిక లభించింది. 2020 ఆగస్టు 30న ప్రసారమైన మన్ కీ బాత్ కార్యక్రమంలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ ఈ బొమ్మలను, సి.వి.రాజు కృషిని ప్రస్తావించారు. 2025 జనవరి 26న ఢిల్లీలో జరిగిన గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్ర ప్రదేశ్ శకటం ఏటికొప్పాక బొమ్మలు ఇతివృత్తంగా రూపొందింది. రాష్ట్రాల శకటాలలో దానికి తృతీయ స్థానం లభించింది.

మనుగడ

ఈ వృత్తి ముందున్న సమస్యలలో మొదటిది కర్ర. అంకుడు చెట్టును మొదలుకు కొంచెం పైన కొడితే మళ్ళీ చిగురించి పెరుగుతుంది. కాని చిగురు పనికివచ్చే లావు కావడానికి సంవత్సరాలు పడుతుంది. అడవి నుండి తెచ్చుకోవడం కంటే వేగంగా వాడితే కొరత తప్పదు. చెట్లను నాటి పెంచడం తప్ప దీనికి వేరే పరిష్కారం లేదు.

రెండవది ధర. సహజ వర్ణంతో చేసిన బొమ్మకు రంగు తీసే శ్రమ అదనం. రసాయన రంగు వేసిన బొమ్మ, సహజ వర్ణం వేసిన బొమ్మ పక్కపక్కన పెడితే, ముదురుగా మెరిసేది మొదటిదే కావచ్చు. రంగులో ఏముందో కంటితో తేల్చుకోవడం సాధ్యం కాదు. భౌగోళిక సూచిక వస్తువు పుట్టిన ప్రాంతానికి గుర్తింపునిస్తుంది గాని, ఒక్కొక్క బొమ్మ పూతను పరీక్షించి చెప్పదు. కనుక కొనేవారు ఏ రంగు వాడారని అడగడం, అదనపు శ్రమకు తగిన ధర ఇవ్వడం ఈ పద్ధతి నిలవడానికి అవసరం.

మూడవది నేర్పు. కడ్డీని ఎంత ఒత్తాలో, ఆకును ఎప్పుడు తీయాలో కొలతలుగా రాసి ఇవ్వడం కష్టం. తరిమెన పక్కన కూర్చొని, పెద్దల చేతిని చూస్తూ నేర్చుకోవలసినది. ఆ చేతులకు పని ఉన్నంతకాలం ఈ విద్య ఇంటి నుండి ఇంటికి అందుతుంది.